రెండు మార్కుల ప్రశ్న వెంట ఆరు రోజులు

మొదటి రోజు: బొలోన్యా

తెనాలి దగ్గర ఒక హైస్కూల్లో 29 ఏళ్లు సోషల్ చెప్పాను. ఆ సిలబస్‌లో ముస్సోలినీకి దక్కేది సగం పీరియడ్. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న: ఇటలీలో ఫాసిజం అధికారంలోకి ఎలా వచ్చింది? నేను బోర్డు మీద రాసి పిల్లల చేత బట్టీ పట్టించిన జవాబు ఒకటే వాక్యం. "1922లో ముస్సోలినీ నల్లచొక్కాల దళంతో రోమ్ మీద దండెత్తి అధికారాన్ని చేజిక్కించుకున్నాడు." ఇది రాసినవాడికి రెండుకి రెండు వేసేశాను. ఎన్ని వందల పేపర్లకి వేశానో లెక్కలేదు.

మా అమ్మాయి బొలోన్యాలో ఎమ్మెస్సీ చదువుతోంది. రిటైరయ్యాక మొదటిసారి దాని దగ్గరికి వచ్చాను. దానికి ఆరు రోజులు సెలవు దొరికింది. "వెనిస్, ఫ్లోరెన్స్ చూద్దాం నాన్నా" అంది. నాకు ఆ జవాబు పుట్టిన చోట్లు చూడాలని ఉందన్నాను. కాసేపు నా మొహంలోకి చూసి, "అందరి నాన్నలూ పీసా టవర్ దగ్గర ఫొటో దిగుతారు" అని గొణిగి, రైలు టికెట్లు వెతకడం మొదలుపెట్టింది.

కథ మధ్యలోంచి మొదలైంది, ఎందుకంటే మేం ఉన్నది బొలోన్యాలో. ఊరి నడిబొడ్డున పియాజ్జా మజ్జోరె అనే పెద్ద చౌకు. దాని పక్కనే మునిసిపల్ ఆఫీసు, పలాజ్జో దక్కూర్సియో. 1920 నవంబరు 21న కొత్తగా ఎన్నికైన సోషలిస్టు మేయరు ఇక్కడ బాల్కనీలోకి వచ్చాడు. కింద జనం. ఫాసిస్టులు కాల్పులు మొదలుపెట్టారు. లోపల కాపలా ఉన్న సోషలిస్టులు కంగారులో విసిరిన బాంబులు సొంత జనం మీదే పడ్డాయి. చౌకులో పదిమంది దాకా పోయారు. వాళ్లలో ఎక్కువమంది సోషలిస్టులే. లోపల కౌన్సిల్ హాల్లో ప్రతిపక్ష సభ్యుడొకాయన తూటాకి బలయ్యాడు. మర్నాటి నుంచి చాలామంది మాట్లాడుకున్నది ఆ ఒక్క చావు గురించే.

ఈ పో నది మైదానం చూస్తుంటే నాకు మా డెల్టాయే గుర్తొచ్చింది. చదునైన నేల, కాలవలు, గట్ల మీద చెట్ల వరసలు. అప్పట్లో కూలి సంఘాలు బలంగా ఉండేవి. ఎవరికి పని, ఎంత కూలి అన్నది సంఘమే తేల్చేది. భూస్వాములకి అది మింగుడు పడలేదు. బొలోన్యా ఘటన తర్వాత వాళ్లు ఫాసిస్టు ముఠాలకి డబ్బు, లారీలు ఇచ్చారు. రాత్రిళ్లు లారీల్లో వచ్చి కూలి సంఘాల ఆఫీసులు, సహకార కొట్లు, పత్రికల అచ్చాఫీసులు తగలబెట్టేవారు. పోలీసులు చాలాచోట్ల చూస్తూ నిలబడ్డారు, కొన్నిచోట్ల తుపాకులు కూడా అరువిచ్చారు. నాయకుల్ని పట్టుకుని గొంతులో ఆముదం పోసేవారు. ఆముదం అంటే నాకు అమ్మమ్మే గుర్తొస్తుంది. దాంతో మనిషిని ఊరంతటి ముందూ సిగ్గుతో చంపొచ్చన్న ఆలోచన ఎవరికొచ్చిందో!

సాయంత్రం మా అమ్మాయి యూనివర్సిటీ వీధిలోంచి నడిచాం. అక్కడే తెయాత్రో కొమునాలె. ప్రపంచమంతా పేరున్న సంగీత నిర్వాహకుడు తోస్కనీనిని 1931లో ఈ థియేటర్ గుమ్మం దగ్గర ఫాసిస్టులు చెంపదెబ్బ కొట్టారు. కచేరీకి ముందు తమ పార్టీ పాట వాయించనన్నందుకు. ఈ పేరు గుర్తుంచుకోండి, మిలాన్‌లో మళ్లీ తగులుతుంది.

రెండో రోజు: ఫోర్లీ

బొలోన్యా నుంచి ఫోర్లీకి ప్యాసింజర్ రైల్లో గంటలోపే. రోమన్లు వేసిన వియా ఎమీలియా రోడ్డు పక్కనే పట్టాలూ తాడు కట్టినట్టు నిటారుగా పోతాయి. ఫోర్లీ స్టేషన్ బయట వెడల్పాటి అవెన్యూ, రెండు వైపులా ఎత్తయిన తెల్లటి భవనాలు. సొంత జిల్లా కేంద్రం కదా, అధికారంలోకి వచ్చాక ముస్సోలినీ ఇక్కడ పోసిన సిమెంటు అంతా ఇంతా కాదు. ఒకప్పుడు అతని పేరే పెట్టిన ఆ రోడ్డు ఇప్పుడు స్వేచ్ఛా అవెన్యూ.

నాకు కావలసింది అంతకు ముందటి ఫోర్లీ. 1910లో 26 ఏళ్ల ముస్సోలినీ ఇక్కడ సోషలిస్టు పార్టీ జిల్లా కార్యదర్శి. "వర్గ పోరాటం" అనే వారపత్రిక దాదాపు ఒంటి చేత్తో నడిపేవాడు. తర్వాత భార్య అయిన రాకేలెతో కాపురం పెట్టాడు, పెళ్లి తంతు లేకుండా, ఎందుకంటే అప్పటికి పెళ్లి, చర్చి రెండూ అతనికి గిట్టవు. ఆ ఏడు సెప్టెంబరులో పెద్ద కూతురు ఎద్దా పుట్టింది. 1911లో ఇటలీ లిబియా మీదికి యుద్ధానికి పోతే, ఈ ఊళ్లో సమ్మె చేయించి, సైనికుల్ని తీసుకెళ్లే రైళ్లని ఆపాలని జనాన్ని రెచ్చగొట్టిన మనిషి ఇతనే. అందుకు ఐదు నెలలు జైల్లో కూర్చున్నాడు. అదే జైల్లో పియెత్రో నెన్ని. తర్వాత ఇటలీ సోషలిస్టులకి పెద్ద నాయకుడైన నెన్ని, ఇదే ముస్సోలినీ వల్ల దేశం వదిలి పారిపోవలసి వచ్చింది. వలస యుద్ధం వద్దని జైలుకి పోయినవాడు 1935లో ఇథియోపియా మీదికి సైన్యాన్ని పంపాడు. ఈ ముక్క మా టెక్స్ట్‌బుక్కులో ఎక్కడా లేదు. ఉంటే పిల్లలు నన్ను మూడు ప్రశ్నలు ఎక్కువ అడిగేవాళ్లు.

ఊరి మధ్య పియాజ్జా సాఫి. ఒక పక్క సాన్ మెర్కురియాలె చర్చి గంటగోపురం. చౌకులో దీపస్తంభాలు. 1944 ఆగస్టులో ఫాసిస్టుల మీద ఆయుధం పట్టిన నలుగురు పార్టిజాన్ల శవాల్ని ఆ స్తంభాలకి వేలాడదీశారు. అందులో ఈరిస్ వెర్సారి అనే అమ్మాయి ఒకతె. మా అమ్మాయి ఆ పేరు చదివి, వయసు లెక్కగట్టి, "నాకంటే చిన్నది" అంది. తర్వాత కాఫీ తాగుదామంటే వద్దంది.

మధ్యాహ్నం ఊరి శివార్లకి టాక్సీలో వెళ్లాం. అక్కడ భారత సైన్యం యుద్ధ శ్మశానం ఉంది. ఆ ఊరు వెళ్లేదాకా అలాంటిది ఉందని నాకు తెలీదు. ఐదు వందల దాకా సమాధులు, పక్కనే దహనం చేసిన హిందూ, సిక్కు సైనికుల పేర్లు చెక్కిన స్మారకం. పంజాబ్, మరాఠా, గఢ్వాల్, గూర్ఖా రెజిమెంట్లు. మన వైపు పేరేమైనా కనిపిస్తుందేమోనని వరసలన్నీ వేలు పెట్టి చదివాను, నాకు కనిపించలేదు. ఈ కుర్రాళ్లు ఎవరి కోసం, ఎవరి మీద యుద్ధానికి వచ్చి ఈ రోమాన్యా బురదలో ఉండిపోయారు! గడ్డి మాత్రం శ్రద్ధగా కత్తిరించి ఉంది. అక్కడ మేం తప్ప ఎవరూ లేరు.

మూడో రోజు: ప్రెడాప్పియో

ఆదివారం. అదే పొరపాటు. ఫోర్లీ నుంచి పదిహేను కిలోమీటర్లే, కానీ ఆదివారం బస్సులు తక్కువ. పైగా టికెట్ బస్సులో దొరకదట, పొగాకు కొట్లో ముందే కొనాలట. కొట్టు వెతికేలోపు బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సుకి గంటన్నర. స్టాండులో నిలబడి పియదీనా తిన్నాం. మన జొన్నరొట్టెకి దూరపు చుట్టం. మధ్యలో మీగడలా జారే చీజ్ పెట్టి మడిచిస్తారు. రెండోది కూడా తిన్నాను, మా అమ్మాయి కొలెస్ట్రాల్ గురించి ఏదో అంటుండగానే.

రబ్బి నది లోయలో ద్రాక్ష తోటల మధ్య రోడ్డు. దూరంగా కొండ మీద కోట కనిపించింది, రొక్కా దెల్లె కామినాతె. ప్రధాని అయ్యాక ముస్సోలినీకి బహుమతిగా ఇచ్చిన కోట అది. కింద లోయలో ఊరు. ఒకప్పుడు ఇక్కడ ఉన్నది దోవియా అనే చిన్న పల్లె. అసలు ప్రెడాప్పియో కొండ మీద ఉండేది. 1923-24 చలికాలంలో అక్కడ కొండచరియలు విరిగిపడ్డాయి. అదే అదనుగా, నాయకుడి పుట్టిల్లు మధ్యకి వచ్చేలా దోవియాలో 1925 నుంచి కొత్త ఊరు కట్టారు. వీధి, చర్చి, పార్టీ భవనం, మార్కెట్, అన్నీ స్కేలు పెట్టి గీసినట్టుంటాయి. మనుషులు పెంచుకున్న ఊరిలా ఉండదు, ఎగ్జిబిషన్ సెట్టింగులా ఉంటుంది.

పుట్టిల్లు ఒక చిన్న గుట్ట మీద రాతిగోడల ఇల్లు. ఆ రోజు తాళం వేసి ఉంది. 1883 జులై 29న ఇక్కడ పుట్టాడు. తండ్రి అలెస్సాంద్రో కమ్మరి, తాగుబోతు, ఊరి సోషలిస్టు నాయకుడు. కొలిమి దగ్గర పేపర్లు పైకి చదివి వినిపించేవాడు. కొడుక్కి పెట్టిన మూడు పేర్లూ విప్లవకారులవే. బెనీతో అంటే మెక్సికో అధ్యక్షుడు హ్వారెజ్, అమిల్కారె అంటే చిప్రియాని, ఆంద్రెయా అంటే కోస్తా. తల్లి రోసా మాల్తోని బడిపంతులమ్మ, భక్తురాలు. ఇల్లు గడిచింది ఆమె జీతం మీదే. ఒకే గోడకి మేరీమాత పటం, గరిబాల్ది పటం పక్కపక్కనే వేలాడేవట. మన ఇళ్లలో వెంకటేశ్వరస్వామి పక్కన నేతాజీ ఉన్నట్టు, అందులో వింతేమీ లేదు. పిల్లవాడి చిన్నప్పుడే కుటుంబం పక్కనున్న పలాజ్జో వరానోకి మారింది. తల్లి బడి కూడా ఆ భవనంలోనే. ఇప్పుడది మునిసిపల్ ఆఫీసు. ఆమె పాఠం చెప్పిన గది ఏదో అడుగుదామంటే ఆదివారం కదా, చెప్పే నాథుడు లేడు. పంతులమ్మ కొడుకు అన్న సంగతి నన్ను ఎందుకో వదల్లేదు. మా ఇంట్లోనూ అమ్మ టీచరే.

మెయిన్ రోడ్డు మీద సావనీర్ కొట్లు. కిటికీలో అతని బస్టులు, క్యాలెండర్లు, నల్లచొక్కాలు, లాఠీలు, సీసా మీద అతని బొమ్మ అంటించిన సాంజోవేజె వైన్. తల్లిదండ్రులతో వచ్చిన పదేళ్ల పిల్లవాడు కీచైన్ కావాలని మారాం చేస్తున్నాడు. కొట్టాయన నన్ను చూసి "ఇండియా?" అని నవ్వాడు. ఏమీ కొనకుండా బయటికి వచ్చాక తలెత్తి వీధి పేరు చదివాను. వియాలె జాకొమో మత్తెయోత్తి. ముస్సోలినీ ముఠా చంపిన ఎంపీ పేరు. యుద్ధం తర్వాత దశాబ్దాల పాటు ఈ ఊరిని పాలించింది వామపక్షాలే, 2019లోనే మొదటిసారి కుడివైపుకి మారింది. వీధికి ఆ పేరు పెట్టినవాళ్లకి ఆ వీధిలో ఏం అమ్ముతారో ఊహ ఉండి ఉండదు.

కాఫీ హోటల్ ఆవిడతో మా అమ్మాయి ఇటాలియన్‌లో కబుర్లు పెట్టింది. ఏడాదికి మూడు రోజులు బస్సుల్లో జనం దిగుతారట, అతను పుట్టిన రోజు, చచ్చిన రోజు, అక్టోబరు 28. "ఆ అక్టోబరు 28 మాకు ఇంకో పండగ కూడా" అందిట ఆవిడ. 1944లో అదే తేదీన పోలండ్ సైనికులు ఈ ఊరిని విడిపించారు. రోమ్ మీద "దండయాత్ర" జరిగి సరిగ్గా 22 ఏళ్లు. ఒకే రోజు ఒక గుంపు సమాధికి, ఇంకో గుంపు విమోచన దినానికి. "మరి మీరు ఏ గుంపు?" అని అడగమన్నాను. "కాఫీ అమ్మే గుంపు" అందిట.

సమాధి ఊరి చివర సాన్ కసియానో శ్మశానంలో ఉంది. మెట్లు దిగితే రాతి పెట్టె, పైన పాలరాతి తల, పూలు, సంతకాల పుస్తకం. మిలాన్‌లో పాతిపెట్టిన శవాన్ని 1946లో అభిమానులు దొంగిలించారు. దొరికాక ప్రభుత్వం పదకొండేళ్లు ఒక మఠంలో దాచింది. 1957లో ఇక్కడికి పంపారు. అప్పటి ప్రధాని అదోనె జోలి ప్రభుత్వం నియో ఫాసిస్టుల ఓట్ల మీద నిలబడి ఉంది మరి. పుస్తకంలో పేజీలు తిప్పాను. మా అమ్మాయి నాలుగైదు అనువాదం చేసి, ఇక చాలంది. పైకి వచ్చేటప్పుడు ఒక ముసలాయన నాకు చెయ్యి ముందుకి చాపి ఆ ఫాసిస్టు సెల్యూట్ కొట్టాడు. ఏం చెయ్యాలో తోచక నమస్కారం పెట్టాను. బస్సెక్కేదాకా మా అమ్మాయి దాని గురించే నవ్వింది.

నాలుగో రోజు: ఫోర్లింపోపొలి, తర్వాత రైలు

ఫోర్లీకి ఆ పక్క స్టేషనే. కోట, కోటలో ఒక చిన్న థియేటర్. 1851లో పస్సతోరె అనే బందిపోటు ఈ థియేటర్లో నాటకం మధ్యలో స్టేజీ ఎక్కి, జనం అందరినీ బందీలుగా కూర్చోబెట్టి దోచుకుపోయాడు. దోపిడీకి గురైన ఇళ్లలో ఒక ఇంటి కొడుకు అర్తూజి. తర్వాత ఇటలీకంతా వంట నేర్పిన మనిషి. యాభై ఏళ్ల తర్వాత 1901లో ఇక్కడి టీచర్ ట్రైనింగ్ స్కూల్ విద్యార్థి, 17 ఏళ్ల ముస్సోలినీ, సంగీతకారుడు వెర్ది చనిపోయినప్పుడు సంతాపసభలో మాట్లాడాడు. వెర్ది గురించి చెప్పమంటే సమాజంలోని అన్యాయాల గురించి చెప్పాడట. సోషలిస్టు పత్రిక "అవాంతి"లో నాలుగు ముక్కలు వార్త పడింది. అచ్చులో పేరు చూసుకున్న కుర్రాణ్ని ఇక ఆపడం కష్టం. ఆ సంగతి ప్రతి టీచరుకీ తెలుసు.

మధ్యాహ్నం మిలాన్ రైలెక్కాం. ఫాయెన్జా దగ్గర కిటికీలోంచి ఎర్ర పెంకుల కప్పులు. ముస్సోలినీని తొమ్మిదేళ్లప్పుడు తల్లి పట్టుబట్టి ఇక్కడ సలీషియన్ ఫాదర్ల హాస్టల్లో వేసింది. భోజనాల దగ్గర మూడు బల్లలు, కట్టిన ఫీజుని బట్టి. కమ్మరి కొడుకుది మూడో బల్ల. ఆ అవమానం అతను చచ్చేదాకా చెప్పుకున్నాడు. ఒక గొడవలో తోటి పిల్లవాణ్ని చాకుతో పొడిచాడు. రెండేళ్లకి బయటికి. చాకు పొడిచిన ప్రతివాడూ నియంత కాడు, మూడో బల్ల మీద తిన్నవాళ్లు లక్షలమంది. బాల్యంలోనే అంతా ఉందని చెప్పే కథలంటే నాకు అనుమానం. హాస్టల్ వార్డెన్‌గా చేసినవాణ్ని, చాకులు నేనూ లాక్కున్నాను. ఆ పిల్లల్లో ఒకడు ఇప్పుడు బ్యాంకు మేనేజరు.

టీచరు డిప్లొమా వచ్చాక ఒక ఊళ్లో కొన్ని నెలలు పిల్లలకి చెప్పాడు. 1902 జులైలో స్విట్జర్లండ్ వెళ్లాడు. కూలిపనులు చేశాడు. లొసాన్‌లో దేశదిమ్మరిగా తిరుగుతున్నాడని పోలీసులు పట్టుకున్నారు. జేబులో డిప్లొమా, కాసిని చిల్లర నాణాలు. అక్కడే రష్యా నుంచి వచ్చిన ఆంజెలికా బలబనోఫ్ ఈ మాసిన కోటు కుర్రాడికి తిండి పెట్టి, మార్క్సిజం చెప్పి, మనిషిని చేసింది. తర్వాత ఆమె జీవితాంతం అతన్ని క్షమించలేదు.

రైలు రెజ్జో ఎమీలియాలో ఆగింది. నేను లేచి నిలబడి ప్లాట్‌ఫారం మీది పేరు ఫొటో తీశాను. ఇక్కడ 1912 జులైలో సోషలిస్టు పార్టీ మహాసభ జరిగింది. అంతకు ముందు రాజు మీద హత్యాయత్నం తప్పింది. బిస్సొలాతి మొదలైన కొందరు సోషలిస్టు ఎంపీలు రాజభవనానికి వెళ్లి పరామర్శించి వచ్చారు. అది వర్గ ద్రోహమని, వాళ్లని వెలివేయాలని ముస్సోలినీ గర్జించాడు, వెలివేయించాడు. ఆ ఉపన్యాసమే అతన్ని జాతీయ నాయకుణ్ని చేసింది. డిసెంబరుకల్లా 29 ఏళ్లకే "అవాంతి" సంపాదకుడు. రాజభవనం మెట్లెక్కడం ద్రోహం అన్న ఈ మాటని గుర్తు పెట్టుకొమ్మని మా అమ్మాయికి చెప్పాను. అది అప్పటికే నిద్రపోయింది.

ఐదో రోజు: మిలాన్

రాత్రి మాకు ఇచ్చిన రూమ్ తలుపు కోడ్ పని చెయ్యలేదు. ఓనరు ఫోనెత్తడు. గంటన్నర మెట్ల మీద కూర్చున్నాం. ఒకటే టెన్షన్. ఇంతకంటే దాని గురించి చెప్పను, గుర్తు చేసుకుంటేనే నడుం నొప్పి.

పొద్దున్నే చర్చి చౌకుకి దగ్గర్లో వియా పావొలో ద కన్నోబ్యో అనే ఇరుకు సందుకి వెళ్లాం. "ఇల్ పొపొలో దితాలియా" పత్రిక ఆఫీసు మొదట ఇక్కడ ఉండేది. ఇప్పుడు ఆ ఆనవాలేమీ కనిపించదు. 1914 ఆగస్టులో ఐరోపా యుద్ధంలోకి దిగినప్పుడు యుద్ధం వద్దని రాసిన సంపాదకుడు, అక్టోబరు 18న "అవాంతి"లోనే మాట మార్చాడు. పార్టీ ఒప్పుకోలేదు, సంపాదక పదవి వదులుకున్నాడు. నవంబరు 15కల్లా చేతిలో సొంత దినపత్రిక! డబ్బెక్కడిది? యుద్ధం వస్తే లాభపడే ఉక్కు, ఆయుధాలు, పంచదార కంపెనీలవాళ్లు, ఫ్రాన్సు నుంచి కొంత. 1917లో బ్రిటిష్ గూఢచారి విభాగం వారానికి వంద పౌన్లు ఇచ్చిన సంగతి కూడా బయటపడింది. అదే ఏడు ఫిబ్రవరిలో సైన్యంలో ఉండగా శిక్షణలో మోర్టారు పేలి గాయపడ్డాడు. తిరిగొచ్చి మళ్లీ కలం పట్టాడు.

పియాజ్జా సాన్ సెపొల్క్రో చాలా చిన్న చౌకు, సైకిళ్లు, ఒక పాత చర్చి. ఎదురుగా పలాజ్జో కస్తాని. 1919 మార్చి 23న ఇక్కడి హాల్లో వంద మంది దాకా కూడి "ఫాషి" స్థాపించారు, అంటే ఫాసిస్టు పార్టీకి మూలమైన దళాలు. హాలు వ్యాపారుల, పారిశ్రామికుల సంఘానిది. కార్యక్రమం చూస్తే మాత్రం ఆడవాళ్లకి ఓటు, ఎనిమిది గంటల పని, యుద్ధ లాభాల జప్తు! తర్వాత్తర్వాత ఆ రోజు నేనూ ఉన్నానని చెప్పుకున్నవాళ్లు ఆ హాల్లో పట్టనంత మంది అయ్యారు. మన దగ్గర స్వాతంత్ర్య సమరయోధుల పెన్షన్ల కథే. ఇప్పుడు ఆ భవనంలో పోలీస్ స్టేషన్ ఉంది. ఫొటో తీస్తుంటే కానిస్టేబుల్ ఒకాయన వచ్చి ఎందుకని అడిగాడు. మా అమ్మాయి "మా నాన్న హిస్టరీ టీచర్" అంది. ఆయన భుజాలెగరేసి వెళ్లిపోయాడు.

ఆ నవంబరులో ఎన్నికలు. మిలాన్‌లో రెండు లక్షల డెబ్బై వేల ఓట్లలో ఫాసిస్టులకి ఐదు వేలు కూడా రాలేదు. ఒక్క సీటూ రాలేదు. ఆ జాబితాలో ఒక అభ్యర్థి ఎవరనుకున్నారు? తోస్కనీని. బొలోన్యాలో చెంపదెబ్బ తిన్న తోస్కనీనే. సోషలిస్టులు ముస్సోలినీ రాజకీయ శవం అని పాడె కట్టి ఊరేగించారు.

మెట్రోలో వస్తూ లొరెతో స్టేషన్లో రైలు మారాం. పైన పియాజ్జాలె లొరెతో. 1945 ఏప్రిల్ 29న అతని శవాన్ని తలకిందులుగా వేలాడదీసిన చోటు. ఎక్కి చూద్దామా అంది అమ్మాయి. వద్దన్నాను. నేను వచ్చింది ఎలా పోయాడో చూడటానికి కాదు.

1919లో పాడె కట్టిన మనిషి 1922లో ప్రధాని ఎలా అయ్యాడు? బొలోన్యాలో చూసిన లారీలు ఒక జవాబు. రెండో జవాబు జొలిత్తి, ఐదుసార్లు ప్రధాని అయిన పాత కాపు. 1921 మే ఎన్నికల్లో ఫాసిస్టుల్ని తన కూటమి జాబితాలో చేర్చుకున్నాడు. కుర్రకుంకలు, పార్లమెంటులో కూర్చుంటే దారికొస్తారులే అనుకున్నాడు. 35 మంది గెలిచారు. దారికి రాలేదు.

ఆరో రోజు: మిలాన్ నుంచి రోమ్

స్టేషన్‌కి ముందు పియాజ్జా దెల్లా రెపుబ్లికాకి నడిచాం. పాత సెంట్రల్ స్టేషన్ ఇక్కడ ఉండేది. ఇప్పుడున్నది 1931లో తెరిచారు. నా రెండు మార్కుల జవాబు తప్పని తేలేది ఈ చౌకులోనే.

1922 అక్టోబరు 27-28. నల్లచొక్కాలవాళ్లు రోమ్ చుట్టూ సాంతా మరినెల్లా, మొంతెరొతొందో, తీవొలిలలో గుమిగూడారు. పాతిక వేలమంది దాకా అని చరిత్రకారుల లెక్క. ముసురు వాన, సరైన తిండి లేదు, చాలామంది దగ్గర తుపాకులు కూడా లేవు. వాళ్ల కమాండర్లు నలుగురు పెరూజాలో ఒక పెద్ద హోటల్లో ఉన్నారు. నాయకుడు? మిలాన్‌లో. స్విట్జర్లండ్ సరిహద్దుకి దగ్గర. థియేటర్లో నాటకం చూస్తూ కనిపించాడు. ప్రధాని ఫాక్తా ఎమర్జెన్సీ ప్రకటన రాయించి, 28 పొద్దున్న గోడలకి అంటించడం కూడా మొదలుపెట్టాడు. సంతకం పెట్టాల్సింది రాజు. విత్తొరియో ఎమాన్వెలె పెట్టలేదు. అంటించిన కాగితాలు మళ్లీ పీకారు. మర్నాడు మిలాన్‌కి ఫోన్: వచ్చి ప్రభుత్వం ఏర్పాటు చెయ్యండి. ఫోన్ మాట చాలదు, టెలిగ్రాం పంపమన్నాడు. టెలిగ్రాం వచ్చింది. 29 రాత్రి ఎనిమిదిన్నరకి ఇక్కడ రైలెక్కాడు. దండెత్తి కాదు, టికెట్ రైల్లో.

మా రైలుకి మూడు గంటల పైచిలుకు పట్టింది. అతనికి పద్నాలుగు గంటల దాకా పట్టింది, రోమ్‌కి ఆలస్యంగా చేరాడు. మా స్టాఫ్‌రూమ్‌లో లెక్కల మాస్టారొకాయన ఉండేవారు. ఎమర్జెన్సీ మాటొచ్చినప్పుడల్లా "ఏమన్నా అనండి, రైళ్లు టైంకి నడిచాయి. ముస్సోలినీ టైంలోనూ అంతే" అనేవారు. ఈ పద్నాలుగు గంటల సంగతి ఆయనకి వాట్సాప్‌లో పెట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

రోమ్‌లో అప్పటి రాజభవనం క్విరినాలె ముందు చాలాసేపు నిలబడ్డాను. 1912లో ఈ మెట్లెక్కారని తోటివాళ్లని వెలివేయించిన మనిషి, 1922 అక్టోబరు 30న ఈ మెట్లే ఎక్కి రాజు చేత ప్రధాని అనిపించుకున్నాడు. అప్పటికి 39 ఏళ్లు. నల్లచొక్కాల ఊరేగింపు ఆ తర్వాత జరిగింది, మర్నాడు, అనుమతితో. నవంబరు 16న పార్లమెంటులో నిలబడి, మూడు లక్షల మంది సాయుధ యువకులు నా వెనక ఉన్నారు, ఈ హాలుని నా మనుషుల విడిదిగా మార్చగలిగేవాణ్ని అన్నాడు. అలా తిట్టించుకున్న సభ తర్వాత విశ్వాస తీర్మానం మీద ఓటేసింది. అనుకూలం 306, వ్యతిరేకం 116. ఫాసిస్టులు 35 మందే. మిగతా ఓట్లు లిబరళ్లవి, క్యాథలిక్ పార్టీవి, పాత ప్రధానులవి. నా జేబులో ఉన్న బస్సు టికెట్ వెనక ఆ మూడు అంకెలూ రాసుకున్నాను. 35, 306, 116. బోర్డు మీద రాయాల్సినవి.

సాయంత్రం టైబర్ ఒడ్డుకి వెళ్లాం, లుంగొతెవెరె అర్నాల్దో ద బ్రేషా. వరస చెట్లు, పక్కన కార్ల రొద. 1924 మే 30న మత్తెయోత్తి అనే సోషలిస్టు ఎంపీ ఎన్నికల్లో జరిగిన దౌర్జన్యాలన్నీ సభలో లెక్కలతో చదివాడు. జూన్ 10న ఇంట్లోంచి పార్లమెంటుకి బయల్దేరిన మనిషిని ఇక్కడ కార్లోకి ఈడ్చేశారు. ఆగస్టు 16న ఊరి బయట అడవిలో శవం దొరికింది. ప్రతిపక్షాలు సభని బహిష్కరించి, రాజు ఏదైనా చేస్తాడని ఎదురుచూశాయి. రాజు ఏమీ చెయ్యలేదు. 1925 జనవరి 3న ముస్సోలినీ సభలో లేచి, జరిగినదానికంతటికీ బాధ్యత నాదే, చేతనైతే నేరం మోపండి అన్నాడు. ఎవరూ మోపలేదు. నియంతృత్వం అక్కడినుంచి లెక్క.

స్మారకం దగ్గర ఎవరో పెట్టిన ఎర్ర పూలు ఎండి ఉన్నాయి. నిన్నటి వీధి పేరు గుర్తొచ్చింది, నిన్న కాదు, మొన్న కాదు, మూడు రోజుల కిందటిది. తిరుగుతుంటే రోజులు కలిసిపోయాయి. వైన్ సీసాల మీద అతని బొమ్మ, పైన బోర్డు మీద ఈయన పేరు.

తెర్మిని స్టేషన్లో మా అమ్మాయి బొలోన్యా రైలు కోసం, నేను ఎయిర్‌పోర్ట్ రైలు కోసం ఒకే బోర్డు కింద నిలబడ్డాం. నా సంచిలో అది కుక్కిన బిస్కెట్ల పొట్లాలు సర్దుతూ, "ఇంటికెళ్లి షుగర్ చూపించుకో నాన్నా" అంది. బోర్డు మీద దాని రైలు పక్కన ఎర్ర అక్షరాలు పడ్డాయి, పదిహేను నిమిషాలు లేటని.